పిల్లల పుస్తకములలో చిన్న అంగళ్లు

పిల్లల పుస్తకములలో రాజులుందురు, రాక్షసులుందురు, మాటలాడు కుందేళ్లుండును. కాని సరకు కొని, వెల కట్టి, వీథి మొగలో అంగడి పెట్టి, ప్రొద్దు క్రుంకువేళకు లెక్క చూచుకొను పిల్లలు కూడ ఆ పుస్తకములలో నుందురని చాలమందికి తోచదు. ఆంగ్లభాషలో, విశేషముగా అమెరికా దేశమున, ఇట్టి పిల్లలను కథానాయకులుగా నిలిపిన పుస్తకములు ఒక చిన్న శాఖగా పెరిగినవి. ఆ పుస్తకముల తీరెట్టిది? వానిని మన పిల్లల చేతికి ఈయవచ్చునా? ఇచ్చినచో ఎట్లు చదివింపవలెను? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ముందుగా పుస్తకముల స్వరూపము చెప్పవలెను. బొమ్మల పుస్తకమునకును పెద్ద నవలకును నడుమ ఒక మెట్టు కలదు. ఆంగ్లమున దానిని చాప్టర్ బుక్ అందురు. ఆరేడేండ్ల వయస్సు మొదలు తొమ్మిది పదేండ్ల వయస్సు వరకు గల పిల్లలు, పెద్దల సాయము లేకుండ తమంతట తాము చదువుకొనుటకు ఉద్దేశింపబడిన పుస్తకములివి. అక్షరములు కొంచెము పెద్దవిగా నుండును. అక్కడక్కడ బొమ్మలుండును గాని, కథను బొమ్మ మోయదు, మాటయే మోయును. అధ్యాయములు పొట్టివి. రాత్రి పండుకొనబోవు ముందు ఒక అధ్యాయము ముగించి, రేపేమి జరుగునో యని పిల్లవాడు పుస్తకము మూయును.

ఇట్టి పుస్తకమునకు వ్యాపారకథ చక్కగా ఒదుగును. ఏలయన, వ్యాపారము తనంతట తానే అధ్యాయములుగా విడిపోవును. డబ్బు అవసరమగుట ఒక అధ్యాయము; ఉపాయము తోచుట రెండవది; పెట్టుబడి కూర్చుకొనుట మూడవది; బోణీ యగుట నాలుగవది. తరువాత పోటీదారు వచ్చును, లేదా వాన వచ్చును, లేదా భాగస్థునితో జగడము వచ్చును. ఇంత దూరము వచ్చితిమి, ఇంక ఇంత కావలెను అను లెక్క ప్రతి పుటలోను కంటికి కనబడుచుండును. రాకుమారుని సాహసమును కొలుచుటకు పిల్లవాని చేతిలో కొలబద్ద లేదు. నిమ్మరసము అమ్మిన పిల్లవాని సాహసమును మాత్రము వ్రేళ్లపై లెక్కించి చూడగలడు.

ఈ శాఖకు వేరు ఇంగ్లండులో నున్నదనవచ్చును. ఇ. నెస్బిట్ అను రచయిత్రి 1899లో ప్రకటించిన నిధి వెదకువారి కథలో బాస్టబుల్ ఇంటి పిల్లలు ఆరుగురు. తల్లి లేదు, తండ్రి వ్యాపారము దెబ్బతిన్నది. ఇంటి సిరిని తిరిగి తేవలెనని పిల్లలు పూనుకొందురు. పత్రికలోని ప్రకటన చూచి ద్రాక్షసారాయము అమ్మబోవుదురు; నమూనాగా వచ్చినది రుచింపక దానిలో చక్కెర కలుపుదురు. జలుబునకు మందు కనిపెట్టి అమ్మవలెనని తలంచి, మందును పరీక్షించుటకై నోయెల్ అను తమ్మునికి కావలెనని జలుబు తెప్పింతురు. ఆ నోయెల్ వ్రాసిన పద్యములను మాత్రము ఒక సంపాదకుడు డబ్బిచ్చి కొనును. తుదకు వారి కష్టము గట్టెక్కించినది వ్యాపారము కాదు. ఇండియానుండి వచ్చిన తల్లి తరపు బంధువు. అతడు బీదవాడని పొరబడి, పిల్లలు తమ భోజనము పంచిపెట్టి, దగ్గరనున్న చిల్లర చేతిలో పెట్టుదురు. అతడు నిజముగా ధనికుడు. అనగా నెస్బిట్ కథలో పిల్లల వ్యాపారము నవ్వుటకు. వారి దయ మెచ్చుటకు. డబ్బు మాత్రము పెద్దల చేతనే వచ్చును.

ఏబది యేండ్లు గడచునప్పటికి ఈ దృష్టి మారినది. బెవర్లీ క్లియరీ అను అమెరికా రచయిత్రి 1950లో హెన్రీ హగ్గిన్స్ అను పిల్లవాని కథ వ్రాసెను. హెన్రీ చేతినుండి ఒక స్నేహితుని ఫుట్‌బాల్ పోయినది. క్రొత్తది కొని ఈయవలెను. వెల పదమూడు డాలర్లకు పైమాట. ప్రక్కయింటి యజమానికి చేపలు పట్టుటకు ఎరలు కావలెను. ఎర కొక సెంటు చొప్పున, రాత్రులందు తడిగడ్డిలో దీపము పట్టుకొని హెన్రీ వానపాములను ఏరును. ఒక డాలరునకు నూరు సెంట్లు. కావున బంతి వెలకు వేయికి మించిన వానపాములు కావలెను. పని తెమలకపోవుట చూచి తల్లిదండ్రులు కూడ వచ్చి చేయి కలుపుదురు. ఈ కథలో నవ్వు ఉన్నది, కాని పిల్లవానిని చూచి నవ్వుట లేదు. పోగొట్టినది తానే తీర్చవలెనను బాధ్యత ఉన్నది. 1957లో వచ్చిన మరియొక పుస్తకమున హెన్రీ ఇల్లిల్లు తిరిగి వార్తాపత్రికలు వేయు పనికై ఆరాటపడును. పదకొండేండ్లు నిండవలెనని నియమము. అతనికి ఇంకను నిండలేదు. పని చేతగాని లోపము కాదు, వయస్సు లోపము. ఆ నిరీక్షణయే కథకు ప్రాణము.

ఈ వరుసలో లెక్కకు పెద్దపీట వేసిన పుస్తకము జీన్ మెరిల్ 1972లో వ్రాసిన టూత్‌పేస్ట్ మిలియనీర్. కథాస్థలము ఒహయో రాష్ట్రము. రూఫస్ మేఫ్లవర్ అను నల్లజాతి బాలుడు అంగడిలో పండ్లు తోముకొను పేస్టు వెల చూచి విస్తుపోవును. గొట్టము 79 సెంట్లు! అందులో నున్నదేమి? ముఖ్యముగా వంటసోడా వంటి సామాన్య వస్తువులే కదా! అతడు ఇంటనే కలిపి చూచును. రెండు సెంట్లలో తయారగును. మూడు సెంట్లకు అమ్మును. లాభము ఒక్క సెంటు. మొదట గొట్టములు లేక, పసిపిల్లల ఆహారమునకు వాడి పారవేసిన గాజుసీసాలను శుభ్రముచేసి వానిలో నింపును. స్నేహితురాలు కేట్ ఏలములో ఖాళీ గొట్టములు చౌకగా సంపాదించును. కథ చెప్పునది ఈమెయే. తరగతిలోని లెక్కల పాఠము కూడ ఈ పేస్టు లెక్కగా మారిపోవును.

ఒక్క సెంటు లాభమా యని పెదవి విరువరాదు. దేశములో 20 కోట్ల మంది నెలకొక గొట్టము చొప్పున కొన్నచో, నెలకు 20 కోట్ల సెంట్లు, అనగా 20 లక్షల డాలర్లు. చిన్న లాభము, పెద్ద అమ్మకము అను వ్యాపార రహస్యము పదేండ్ల పిల్లవాడు తన పలకపై చేసి చూచుకొనగల లెక్కగా ఇందులో నిలిచినది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. రూఫస్ ధనికుడు కావలెనని బయలుదేరలేదు. వస్తువునకు అంత వెల ఎందుకని అడుగుటతో బయలుదేరెను. కొనువాని పక్షమున నిలిచి ప్రశ్న వేసిన పిల్లవాడు అమ్మువాడైనాడు. ఈ పుస్తకము వచ్చి ఏబది యేండ్లు దాటినను నేటికిని చదువబడుటకు ఇది ఒక కారణమని మా అభిప్రాయము.

ఆండ్రూ క్లెమెంట్స్ 2005లో వ్రాసిన లంచ్ మనీ కొంచెము పెద్దపిల్లల కొరకు వ్రాయబడినది. గ్రెగ్ కెంటన్ అను బాలుడు బడిలోని పిల్లల జేబులలో భోజనమునకు కాక మిగిలిన పావుడాలరు నాణెములున్నవని కనిపెట్టును. తానే బొమ్మలు గీసి, అచ్చు తీసి, అరచేతిలో ఇమడు చిన్న కథల పుస్తకములను బడిలో అమ్మబోవును. మౌరా అను తోటిబాలిక పోటీకి దిగును. ప్రధానోపాధ్యాయిని వలదనును. బడిలో అమ్మకము తగునా, తగదా? తగదన్నచో, పెద్దలు బడి ద్వారమున పిల్లలకు అంటగట్టు ఇతర వస్తువుల మాట ఏమి? ఈ ప్రశ్నను పిల్లలు పెద్దల సభ ముందునకు తెచ్చుట ఈ కథలోని విశేషము.

ఇక 2007లో జాక్వెలిన్ డేవీస్ వ్రాసిన లెమనేడ్ వార్ ఈ శాఖకు నేడు ముఖద్వారము వంటిది. ఇవాన్, జెస్సీ అన్నాచెల్లెండ్రు. చెల్లెలు లెక్కలలో గట్టిది. ఒక తరగతి దాటించి ఆమెను అన్న చదువు తరగతిలోనే చేర్చనున్నారు. అన్నకు లెక్కలు కష్టము. మనుష్యులతో కలియుట సుళువు. చెల్లెలి ముందు తరగతిలో చిన్నబోవలసివచ్చునని అతని బాధ. ఆ బాధ చెప్పుకొనలేక కోపముగా మార్చుకొనును. వేసవి ముగియుటకు కొన్ని దినములే యున్నవి. నిమ్మరసము అమ్మి ఎవరు ముందుగా 100 డాలర్లు గడింతురో చూతమని పందెము. ప్రతి అధ్యాయమునకు మొదట భాగస్వామ్యము, పోటీ, బేరము మొదలగు వ్యాపారపదముల నిర్వచనము ఒక్కొక్కటి ఉండును. పిల్లవాడు దానిని చదివి, దాని అర్థము కథలో జరుగుట చూచును. చెల్లెలు పొరుగు బాలికలకు సరకిచ్చి లాభములో వంతు తీసికొను ఏర్పాటు చేయును. పోటీ ముదిరి తగని పనులకు కూడ ఇద్దరును దిగుదురు. తుదకు తెలియవచ్చునదేమనగా, ఒకరికి లెక్క వచ్చును, మరియొకరికి మనసు తెలియును; అంగడికి రెండును కావలెను.

నిమ్మరసపు బల్ల అమెరికా వీథులలో నిజముగా నుండునదే. అయితే ఆహారము అమ్ముటకు అనుమతిపత్రము కావలెనను నియమము కొన్ని యూళ్లలో పిల్లలకు కూడ అడ్డువచ్చినది. దానిపై చర్చ రేగి, యూటా రాష్ట్రము 2017లోను, కొలరాడో, టెక్సస్ రాష్ట్రములు 2019లోను పిల్లల ఇట్టి చిన్న అమ్మకములకు అనుమతిపత్రము అక్కరలేదని చట్టములు చేసినవి. పిల్లల ఆటకు శాసనసభలు చోటు చేయుట చిత్రముగా తోచవచ్చును. కాని ఆ దేశమున ఆ బల్లను కేవలము ఆటగా గాక, స్వతంత్రముగా నిలుచుటకు తొలి పాఠముగా ఎంచుదురని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు మన ఇంటికి వత్తము. ఈ పుస్తకములు చదివిన తెలుగు పిల్లవాడు తాతగారిని ఒక ప్రశ్న అడుగవచ్చును. "తాతా, ఎండలో దప్పిగొన్నవానికి నీళ్లు అమ్మవచ్చునా?" ఈ ప్రశ్న అమెరికా పిల్లవానికి తోచదు. మనకు తోచును. ఏలయన వేసవి వచ్చినచో మన యూళ్లలో చలివేంద్రములు వెలయును. పందిరి వేసి, క్రొత్తకుండలలో నీరు నింపి, బాటసారికి మజ్జిగయు మంచినీరును ఊరకే పోయుట పుణ్యమని మన పెద్దల నమ్మకము. ఆ పందిరి క్రింద వెలపట్టిక వ్రేలాడదీయుటకు మనకు చేయి రాదు. పిల్లలకు డబ్బు యావ నేర్పరాదను మన ఇండ్లలోని వెనుకాట కూడ ఇచ్చటనే పుట్టినది. ఆ వెనుకాట వట్టి చాదస్తమని మేము అనము. అందులో ఒక గౌరవము కలదు. కాని దానికి ఉత్తరము మన ప్రాచీన కథలలోనే ఉన్నది.

జాతకకథలలోను, పదకొండవ శతాబ్దమున కాశ్మీరములో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరములోను చచ్చిన ఎలుక కథ కలదు. తండ్రి లేని బీదపిల్లవాడు. తల్లి కష్టపడి చదువును, లెక్కలును నేర్పించినది. పెట్టుబడి అడుగుటకు అతడు విశాఖిలుడను వర్తకుని యొద్దకు పోవును. అప్పు తీసికొని పాడుచేసిన ఒకని నా వర్తకుడు మందలించుచు, చేతనైనవాడు నేలపైనున్న ఆ చచ్చిన ఎలుకతోనైనను ధనము గడించునని యనును. పిల్లవాడు ఆ ఎలుకనే అప్పుగా అడిగి, రసీదు వ్రాసియిచ్చి, పుచ్చుకొనును. పిల్లి యున్న ఒక వర్తకుడు దానిని కొని రెండు దోసిళ్ల సెనగలిచ్చును. పిల్లవాడు ఆ సెనగలను సిద్ధముచేసి, కడవతో చల్లని నీరు పట్టుకొని, ఊరి వెలుపల నాలుగు త్రోవలు కలియుచోట నీడలో నిలుచును. కట్టెలు మోసికొని అలసి వచ్చువారికి వినయముతో సెనగలును నీరును ఇచ్చును. వారు సంతోషించి తలకు రెండేసి కట్టెలిచ్చిపోదురు. అతడు వానిని అమ్మి, ఆ డబ్బులో కొంత మరల సెనగలకు పెట్టి, కొంత దాచును. పిమ్మట మూడు దినముల కట్టెలన్నియు కొని నిలువచేయును. అంతలో గొప్పవానలు కురిసి కట్టెలకు కరవు వచ్చును. ఆ విధముగా అంగడి పెట్టి ధనికుడై, బంగారముతో ఎలుకను చేయించి విశాఖిలునికి అప్పు తీర్చును.

నాలుగు త్రోవల కూడలి, నీడ, దప్పి, చల్లని నీరు! నిమ్మరసపు బల్లకును దీనికిని ఎంత దూరము? ఒక్కటే భేదము. మన కథలోని పిల్లవాడు వెల అడుగలేదు. వినయముతో ఇచ్చెను, కృతజ్ఞతతో పొందెను. చలివేంద్రమునకును అంగడికిని నడుమ గల సన్నని వంతెనపై అతడు నిలిచినాడు. కొనువానిని ముందు దప్పిగొన్న మనుష్యునిగా చూచుట, తరువాత గిరాకీగా చూచుట అతని వ్యాపారమునకు మూలము. మన అంగళ్లలో కొసరు వేయు ఆచారము కూడ ఈ భావమునకు చుట్టమే. కావున తాతగారు మనుమనికి నిర్భయముగా చెప్పవచ్చును. "నీళ్లు ఊరకే పోయుము, నాయనా. నిమ్మకాయకును, చక్కెరకును, నీ కష్టమునకును వెల అడుగుము. డబ్బు లేనివాడు వచ్చినప్పుడు ఆ వెలయు మరచిపొమ్ము."

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. పిల్లలచేత పని చేయించుట మన దేశమున ఆట కాదు. బాలకార్మిక నిషేధచట్టము 1986లో వచ్చినది; 2016లో సవరింపబడి, 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనుటను సాధారణముగా అన్ని వృత్తులలోను నిషేధించినది. రంగారెడ్డి జిల్లాలో 1991 మొదలు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ పొలములలోను వెట్టిలోను నున్న పిల్లలను బడికి తెచ్చుటకు పాటుపడినది. దానికి నాయకత్వము వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. బడికి పోని పిల్లవాడు ప్రతివాడును బాలకార్మికుడే యని ఆ సంస్థ తలచినది. ఈ నేలపై నిలిచి చదువునప్పుడు, పిల్లల అంగడిని ముచ్చటగా చెప్పు పుస్తకమును ఒకసారి ఆలోచించి తెరువవలెను. హెన్రీ వానపాములు ఏరకున్నను అతనికి రాత్రి అన్నము దొరకును. పత్తిచేలో పువ్వులు తుంచు బాలికకు ఆ అభయము లేదు.

ఈ భేదమును ఎదుట పెట్టుకొని వ్రాసిన పుస్తకము ఒకటి కలదు. మితాలీ పెర్కిన్స్ 2007లో ప్రకటించిన రిక్షా గర్ల్. కథాస్థలము బంగ్లాదేశములోని ఒక పల్లె. నయీమా పదేండ్ల బాలిక. ముగ్గులు వేయుటలో నేర్పరి. చెల్లెలు చదువుకొనుటకై ఈమె చదువు మానవలసివచ్చినది. తండ్రి రిక్షా త్రొక్కి అలసిపోవుచున్నాడు. ఆ రిక్షా ఇంకను అప్పుమీదనే యున్నది. తాను మగపిల్లవాడనైనచో సాయపడుదును గదా యని తలచి, మగవేషము వేసి రిక్షా త్రొక్కబోయి, క్రొత్త రిక్షాను దెబ్బతీయును. మొదటికే మోసము వచ్చినది. నష్టము తీర్చుటకు మరమ్మతు అంగడికి పోయిన నయీమాకు ఆ అంగడి యజమాని ఒక స్త్రీ యని తెలియును. భర్త పోయిన పిమ్మట స్త్రీల పొదుపు బ్యాంకునుండి అప్పు తీసికొని ఆమె ఆ అంగడి నడుపుచున్నది. నయీమా ముగ్గుల నేర్పు రిక్షాలపై రంగుబొమ్మలు వేయుటకు పనికివచ్చును. తల్లి డ్వాక్రా సంఘములో పొదుపు కట్టుట చూచిన తెలుగు బాలికకు ఈ కథను విప్పిచెప్ప నక్కరలేదు. ఇందులో పని పిల్లకు వినోదము కాదు, అయినను ఆమెను నలగగొట్టునదియు కాదు. ఆమె చేతిలోనున్న కళకు విలువ కట్టునది.

కావున మేము గీయు గీత ఇది. పిల్లవాడు మానదలచినపుడు మానగల పని, బడి వేళను తాకని పని, వచ్చిన డబ్బు అతనిదే యగు పని అయినచో అది విద్యలో భాగము. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను, దానికి ఎంత అందమైన కథ తొడిగినను అది చాకిరియే.

ఈ పుస్తకములు నేడు మరింత అవసరమని చెప్పుటకు ఇంకొక కారణము కలదు. పూర్వము పిల్లవానిని అంగడికి పంపునపుడు చేతిలో నాణెములు పెట్టి, తిరిగి తెచ్చిన చిల్లర లెక్క చెప్పించుకొనెడివారము. కూడికయు తీసివేతయు వీథిలోనే వచ్చెడివి. 2016లో యూపీఐ పద్ధతి వచ్చిన తరువాత కూరగాయల బండి వద్ద కూడ ఫోను చూపిన చాలును. సౌకర్యమే, కాదనము. కాని పిల్లవాని కంటికి డబ్బు ఖర్చగుట కనబడుట లేదు. తల్లి ఫోను ఒకసారి మ్రోగును, వస్తువు ఇంటికి వచ్చును. చేతిలోనుండి పోయినదేదియు లేదు. పోనిదానికి లెక్క ఎట్లు పుట్టును? కథలోని పిల్లలు డబ్బాలో నాణెములు పోసి లెక్కించునపుడు, మన పిల్లవాడు వారితోపాటు ఆ లెక్క చూచుకొనును.

అయితే చదివించు విధానమొకటి కలదు. ఈ పుస్తకములలో చాలవరకు ఒక చిన్న లోపము కనబడును. నిమ్మకాయలు ఎవరి ఇంటివి? చక్కెర ఎవరు కొన్నారు? తల్లి వంటింటినుండి వచ్చిన సరకును పిల్లలు లెక్కలోనికి తీసికొనక, వచ్చినదంతయు లాభమనుకొందురు. తల్లిదండ్రులు అచ్చట ఆగి అడుగవలెను. ఒక ఉదాహరణము చెప్పెదము. నిమ్మకాయలకు 100 రూపాయలు, చక్కెరకు 40, కాగితపు గ్లాసులకు 60. మొత్తము 200 రూపాయలు. దీనితో 40 గ్లాసుల రసము వచ్చినదనుకొందము. గ్లాసు 8 రూపాయలకు అమ్మినచో అన్నియు అమ్ముడుపోయిననాడు 320 వచ్చును, లాభము 120. కాని మబ్బు పట్టి 25 గ్లాసులే పోయినచో వచ్చునది సరిగా 200, కష్టమే మిగిలినది. 20 గ్లాసులే పోయినచో 40 రూపాయలు నష్టము. ఈ మూడు దినములను పిల్లవానిచేత ఒక పుస్తకములో వ్రాయింపుడు. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు. మన అంగళ్లలో చిట్టా అను మాట ఎందుకు పుట్టినదో అతనికి ఆనాడు తెలియును.

లెక్కతో పాటు మరి రెండు ప్రశ్నలు కూడ అడుగవలెను. ఈ అంగడివలన కొన్నవానికి ఏమి మేలు కలిగినది? ప్రక్క అంగడివానితో నీ నడవడి ఎట్లున్నది? రూఫస్ కథకు మొదటి ప్రశ్న ప్రాణము. ఇవాన్, జెస్సీల కథకు రెండవది ప్రాణము. ఈ ప్రశ్నలు అడుగనిచో కథలో డబ్బే మిగులును. అడిగినచో డబ్బు ఒక కొలతగా మాత్రము నిలిచి, మనుష్యులు కనబడుదురు.

అమెరికాలో పెరుగుచున్న తెలుగు పిల్లలకు ఈ పుస్తకములు బడి గ్రంథాలయములలోనే దొరకును. ఇచ్చటి పిల్లలకు ఆంగ్లములో చదువుటకు అవకాశమున్నను, అందులోని వీథి వారి వీథి కాదు. అందులోని నాణెము వారి నాణెము కాదు. మన భాషలో మన పిల్లల అంగళ్లు రావలెను. వస్తువునకు కొదవ యున్నదా? వినాయకచవితినాడు తెల్లవారుజామున పత్రి ఏరి తెచ్చి వీథి మొగలో కుప్పలు పోసి అమ్ము పిల్లలను మన యూళ్లలో చూచుచునే యున్నాము. మధ్యాహ్నము దాటినచో ఆ పత్రిని కొనువాడుండడు. ఒక్కపూటలో చెల్లిపోవలసిన సరకు! ఇంతకంటె బిగువైన కథ ఏది? సంక్రాంతికి గాలిపటములు కట్టు పిల్లలున్నారు. దారమునకును, కాగితమునకును, ఈనెకును విడివిడిగా లెక్క చూడవలసిన పని యది. వేసవిలో ముంజలు అమ్ము తాతకు చిల్లర లెక్క చూచిపెట్టు మనుమరాలున్నది. ఒక్కొక్కదానిని పది పొట్టి అధ్యాయములుగా, పెద్ద అక్షరములతో, ఎనిమిదేండ్ల పిల్ల ఒంటరిగా చదువుకొనగల తేట మాటలలో వ్రాయవలెను. నీతిని తుదిని అంటింప నక్కరలేదు. లెక్క సరిగా నుండిన చాలును. అంగడిలో తప్పు తూకము తూచినవాడు ఏమగునో కథయే చెప్పును.

మన రచయితలు ఇందుకు పూనుకొందురని ఆశింతము. అంతవరకు తల్లిదండ్రులు చేయగలది ఒకటి కలదు. ఈ కథలలో ఏదో ఒకటి పిల్లలకు చదివి చెప్పుడు. వారు అమ్మ యనుమతితో అరుగుమీద చిన్న బల్ల వేసికొందుమన్నచో కాదనకుడు. నిమ్మకాయల వెల ముందుగా చెప్పి, అప్పుగా వ్రాసియుంచుడు. సాయంకాలము ఆ అప్పు తీర్చి, మిగిలినది చేతిలో పెట్టుకొన్న పిల్లవానికి మరునాడు అంగడివానితో మాటలాడునపుడు కొంత మర్యాద అలవడును. ఆ వెల వెనుక ఎంత ఎండయు, ఎంత నిలువుకాళ్ల కొలువును ఉన్నవో అతడు ఎరిగినవాడు గదా!